25జీ కేబుల్ నుంచి 400జీ దాకా: ఏ లింకుకి ఏ ఎఫ్‌ఈసీ పెట్టాలి?

రాత్రి పదకొండు దాటింది. కొత్త ర్యాక్‌లో సర్వర్లన్నీ పైకొచ్చాయి, ఒక్కటి తప్ప. దాని 25జీ (సెకనుకి 25 గిగాబిట్ల) పోర్టులో లైటు వెలగడం లేదు. ఆప్టిక్ (కరెంటు సిగ్నల్‌ని వెలుతురు చేసి ఫైబర్‌లోకి పంపే మాడ్యూల్) మార్చాం. ఫైబర్ కొస తుడిచాం. ప్యాచ్ కార్డ్ మార్చాం. స్విచ్‌లో పక్క పోర్టుకి పెట్టి చూశాం. ఊహూ. చివరికి నాతో ఉన్న కుర్రాడు రెండు వైపుల సెట్టింగులూ పక్కపక్కన తెరిచి, "అన్నా, స్విచ్‌లో ఎఫ్‌ఈసీ ఆర్‌ఎస్ అని ఉంది, సర్వర్ కార్డులో ఆఫ్ అని ఉంది. ఇదేనంటావా?" అన్నాడు. అదే. రెండు గంటలు పోయాయి, ఏ వస్తువులోనూ లోపం లేదు.

ఎఫ్‌ఈసీ అంటే ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్. పంపే వైపు డేటాకి కొన్ని అదనపు బిట్లు తగిలిస్తుంది. అందుకునే వైపు వాటి సాయంతో, మళ్లీ పంపమని అడక్కుండానే తప్పులు దిద్దుకుంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కల్లా ఎంచుకోవడం దగ్గరే. "బలమైనది పెట్టేస్తే పోలా" అంటారు చాలామంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తే ఇక్కడ నష్టం నానోసెకన్లలో కనిపిస్తుంది. నేను ముందు చూసేవి మూడు: తప్పులు చెదురుమదురుగా వస్తున్నాయా, గుంపుగా వస్తున్నాయా, లేక ప్యాకెట్లకు ప్యాకెట్లే పోతున్నాయా; ఈ అప్లికేషన్ ఎంతసేపు ఆగగలదు; అవతలి చివర ఉన్న పెట్టె ఏం మాట్లాడుతుంది. కోడ్ బలం ఆ తర్వాతి సంగతి.

అదనపు బిట్లకు చోటెక్కడిది?

ఇది తెలిస్తే మిగతా పోలికంతా తేలికవుతుంది. ఈథర్‌నెట్ 64 బిట్ల డేటాకి ముందు రెండు బిట్ల తల పెట్టి 66 బిట్ల దిమ్మెలుగా పంపుతుంది. ఇది డేటా దిమ్మెనా, కంట్రోల్ దిమ్మెనా అన్నది ఆ తలే చెబుతుంది. దానికి నిజానికి ఒక్క బిట్ చాలు.

ఫైర్‌కోడ్ అనే పాత పద్ధతి (సెట్టింగుల్లో బేస్-ఆర్ అని కనిపిస్తుంది) ఇక్కడే ఒక పొదుపు చేసింది. 32 దిమ్మెలు తీసుకుని, ఒక్కోదాన్నీ 66 నుంచి 65 బిట్లకు కుదించింది. మిగిలిన 32 బిట్లలో ప్యారిటీ, అంటే తప్పులు దిద్దడానికి పనికొచ్చే అదనపు బిట్లు, పెట్టింది. మొత్తం మళ్లీ 2112 బిట్లే. తీగ మీద వేగం రవ్వంత కూడా పెరగలేదు.

రీడ్-సాలమన్ (సెట్టింగుల్లో కనిపించే ఆర్‌ఎస్ ఇదే) ఇంకాస్త గట్టి పొదుపరి. నాలుగు దిమ్మెలు కలిపితే 264 బిట్లు. వాటిని 257కి కుదిస్తే 7 బిట్లు మిగులుతాయి. ఇలాంటివి 20 పేరిస్తే 140 బిట్లు, అంటే పదేసి బిట్ల సింబల్స్ 14. ఆ 14 సింబల్సే ప్యారిటీ. 514 సింబల్స్ డేటా, 14 ప్యారిటీ, మొత్తం 528. ప్యారిటీలో సగం, అంటే ఏడు సింబల్స్ ఎక్కడ చెడినా దిద్దగలదు. దీన్నే ఆర్‌ఎస్-528 అనీ, కేఆర్4 ఎఫ్‌ఈసీ అనీ అంటారు. దీనికీ వేగం పెరగలేదు, లేను (లింకులో ఒక్కో సిగ్నల్ దారి) 25.78125 గిగాబిట్ల దగ్గరే ఉంది. పాత డబ్బాలోనే కొత్త సామాను సర్దిన ఈ పని నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగానే ఉంటుంది.

తర్వాత వచ్చిన ఆర్‌ఎస్-544కి, అంటే కేపీ4కి, ఈ పొదుపు చాల్లేదు. దానికి 30 ప్యారిటీ సింబల్స్ కావాలి. 14 మిగులులోంచి వచ్చాయి, మిగతా 16కి వేగం పెంచక తప్పలేదు. అందుకే లేను 26.5625 గిగాబిట్లయింది. దాదాపు 3 శాతం ఎక్కువ. దానికి బదులు 15 సింబల్స్ దిద్దే శక్తి వచ్చింది.

25జీ: నిజంగా ఎంచుకునే అవకాశం ఉన్నది ఇక్కడే

ఇక్కడ మూడు దారులు: ఆఫ్, ఫైర్‌కోడ్, ఆర్‌ఎస్-528.

ముందు బలం చూద్దాం. ఫైర్‌కోడ్ ఒకే చోట గుంపుగా పడ్డ 11 బిట్ల దాకా తప్పుల్ని దిద్దుతుంది. అదే 2112 బిట్లలో దూరదూరంగా రెండు తప్పులు పడితే చేతులెత్తేస్తుంది. ఆర్‌ఎస్-528 అయితే ఏడు వేర్వేరు చోట్ల పడినా దిద్దుతుంది, గుంపుగా 61 బిట్లు వరుసగా పోయినా దిద్దుతుంది. 61 ఎలాగంటే, ఎక్కడ మొదలైనా అన్ని బిట్లు ఏడు సింబల్స్ దాటి పోలేవు. ఒక సింబల్‌లో ఒక బిట్ చెడినా, పదీ చెడినా రీడ్-సాలమన్‌కి లెక్క ఒకటే. టిఫిన్ సెంటర్ గల్లా దగ్గర అంటించిన యూపీఐ క్యూఆర్ మీద చట్నీ మరక పడినా స్కాన్ అవుతుంది చూడండి, అందులో ఉన్నదీ రీడ్-సాలమనే. మరక అంటే గుంపు తప్పు.

ఇప్పుడు ఆలస్యం. కోడ్‌వర్డ్, అంటే డేటా, ప్యారిటీ కలిసిన ఒక పూర్తి కట్ట, మొత్తం చేతికొస్తేనే దిద్దడం పూర్తవుతుంది. 25జీ మీద ఆర్‌ఎస్ కోడ్‌వర్డ్ 5280 బిట్లు రావడానికే 204.8 నానోసెకన్లు, దాని మీద లెక్కకట్టే సమయం అదనం. ఫైర్‌కోడ్‌కి 81.92 నానోసెకన్లు. ఫైబర్‌లో వెలుతురు మీటరుకి సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. అంటే ఆర్‌ఎస్ పెట్టడమంటే ఉన్న ఫైబర్‌కి ఇంకో 40 మీటర్లు కలిపినట్టు. మామూలు వెబ్ సర్వర్‌కి ఇది లెక్కలోకే రాదు. షేర్ ట్రేడింగ్ చేసేవాళ్లకి మాత్రం ఇదే ప్రాణం.

అసలు ఆఫ్‌లో పెడితే? ఎఫ్‌ఈసీ లేని లింకు నుంచి ఈథర్‌నెట్ ప్రమాణం కోరేది లక్ష కోట్ల బిట్లకు ఒక తప్పుకి మించకూడదని. వినడానికి గొప్పగా ఉంటుంది. 25జీ పూర్తి లోడ్ మీద అది దాదాపు 40 సెకన్లకు ఒక తప్పు, తప్పుకో ప్యాకెట్ పోవడం. లింకు దీనికన్నా బాగుంటేనే ఆఫ్ గురించి ఆలోచించండి.

నా సలహా కేబుల్‌ని బట్టి ఉంటుంది. రాగి డ్యాక్ కేబుల్ (రెండు కొసలూ నేరుగా పోర్టులో గుచ్చే రకం) ఐదు మీటర్లదైతే ఆర్‌ఎస్ తప్పదు, 25జీ ప్రమాణమే అలా రాసుకుంది. మూడు మీటర్ల లోపైతే ఫైర్‌కోడ్ సరిపోయే రకం, అసలు ఎఫ్‌ఈసీయే అక్కర్లేని మేలు రకం, రెండూ దొరుకుతాయి. కేబుల్ మీద ఎల్, ఎస్, ఎన్ అనే అక్షరాలు చెప్పేది దీని గురించే. షార్ట్ రేంజ్ మల్టీమోడ్ ఆప్టిక్ అయితే ఆర్‌ఎస్ పెట్టండి, ఓఎం4 రకం ఫైబర్ మీద 100 మీటర్లన్న మాట ఆర్‌ఎస్ ఉందనుకుని ఇచ్చిందే. పది మీటర్లే కదా, ఆఫ్ చేసినా నడుస్తోంది కదా అంటారు. నడుస్తుంది, కొస మీద దుమ్ము పడేదాకా.

ఇంకో మాట. రాగి కేబుల్ మీద రెండు చివరలూ ఆటో నెగోషియేషన్‌లో ఎఫ్‌ఈసీ మాట్లాడుకుంటాయి. ఆప్టిక్ మీద ఆ మాటామంతీ లేదు. రెండు చేతులూ కలవకపోతే చప్పట్లు లేవు, లింకు డౌన్ అంతే. "ఆటో" అన్నదాన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా అర్థం చేసుకుంటుంది కాబట్టి ఆప్టిక్స్ మీద నేను ఎప్పుడూ ఆటోలో వదిలెయ్యను. రెండు వైపులా చేత్తో రాసి, ఆ విషయం పోర్టు డిస్క్రిప్షన్‌లో కూడా పెడతాను. ఆ రాత్రి తర్వాత వచ్చిన అలవాటు ఇది.

100జీ: కోడ్‌ని కాదు, మాడ్యూల్‌ని చూడండి

ఇక్కడ ఆర్‌ఎస్-528 వద్దనడానికి ఆలస్యం పెద్ద సాకు కాదు. అదే 5280 బిట్లు నాలుగు లేన్ల మీద పంచుకుని వస్తాయి కాబట్టి 51.2 నానోసెకన్లలో చేతికొస్తాయి. చాలామంది గమనించని సంగతి ఇది: కోడ్ అదే, వేగం నాలుగింతలు, ఆలస్యం నాలుగో వంతు. 25జీలో ఎఫ్‌ఈసీ ఆలస్యం గురించి టెన్షన్ పడేవాళ్లు ఒక్కోసారి 100జీకి వెళ్లిపోవడమే తెలివైన పని.

ఎంపిక మాత్రం మాడ్యూలే చేసేస్తుంది. ఎస్ఆర్4, సీడబ్ల్యూడీఎం4 రకం ఆప్టిక్‌లు, రాగి సీఆర్4 కేబుల్ అయితే ఆర్‌ఎస్-528 ఆన్. పది కిలోమీటర్ల ఎల్ఆర్4 అయితే ఆఫ్, ఎందుకంటే దాన్ని ఎఫ్‌ఈసీ లేకుండానే నడిచేలా కట్టారు. అసలు ఉచ్చు డీఆర్, ఎఫ్ఆర్ లాంటి సింగిల్ లాంబ్డా (ఒకే రంగు వెలుతురుతో పనిచేసే) మాడ్యూళ్లది. క్యూఎస్‌ఎఫ్‌పీ28 అనే 100జీ మాడ్యూల్ రూపంలో వచ్చే వీటిలో కేపీ4 మాడ్యూల్ పొట్టలోనే జరిగిపోతుంది. స్విచ్ వైపు ఎఫ్‌ఈసీ ఆఫ్ చెయ్యాలి. "ఆప్టికల్ లింకు మీద ఎఫ్‌ఈసీ ఆఫ్ ఏంటి సార్" అని ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే ఆన్ చేస్తారు, లింకు పోతుంది.

400జీ: ఎంచుకోవడానికి ఏమీ లేదు

ఎందుకు లేదో మాత్రం తెలుసుకోవాలి. 25జీ దాకా లేను మీద రెండే మట్టాలు: ఉంది, లేదు. 50జీ లేన్ల నుంచి నాలుగు మట్టాల ప్యామ్4 వచ్చింది. అదే ఎత్తు గోడకి ఒక కిటికీ బదులు మూడు కిటికీలు పెట్టినట్టు. ఒక్కోటీ మూడో వంతుకి తగ్గింది, అంటే సుమారు 9.5 డెసిబెల్స్ నష్టం. తప్పులు తప్పవు. ప్రమాణం కూడా దానికి సిద్ధపడే ఉంది: దిద్దక ముందు లక్ష బిట్లకు 24 తప్పుల దాకా పర్వాలేదంటుంది. 400జీ లింకు తీగ మీద సెకనుకి 425 గిగాబిట్లు నడుస్తాయి. లెక్క వేసి చూడండి, సెకనుకి పది కోట్ల తప్పులు. మీరు చూస్తున్న గ్రాఫ్‌లో మాత్రం సున్నా ఎర్రర్లు. కేపీ4 చేసే చాకిరీ అది. దాన్ని ఆఫ్ చేసే వీలు ప్రమాణంలోనే పెట్టలేదు.

దీని ఆలస్యం పెద్దదేం కాదు. రెండు కోడ్‌వర్డుల సింబల్స్‌ని ఒకదానితో ఒకటి కలిపి పంపుతారు, గుంపు తప్పు పడితే రెండూ చెరిసగం పంచుకోవడానికి. రెండూ కలిసి 25.6 నానోసెకన్లలో వచ్చేస్తాయి. 50జీ లేను ఒక్కటే వాడే చోట ఇది కూడా ఎక్కువే అనిపిస్తే సగం పొడవున్న 272 సింబల్స్ కోడ్ ఒకటి ఉంది. ఏడు సింబల్స్ దిద్దుతుంది. రెండు చివరల్లోనూ అది ఉందో లేదో చూసుకుని వాడాలి.

ఊరు దాటితే

డేటా సెంటర్ లోపల నానోసెకన్ల గొడవ ఊరు దాటగానే అర్థం లేనిదవుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మార్గం దాదాపు 275 కిలోమీటర్లు. ఫైబర్ ఆ దారినే పోతుందనుకున్నా ఒకవైపుకే 1,375 మైక్రోసెకన్లు. ఎఫ్‌ఈసీ ఇంకో నాలుగైదు మైక్రోసెకన్లు తిన్నా ఎవరూ గమనించరు. కాబట్టి ఇక్కడ గొడ్డలే తియ్యండి.

దూరపు లింకుల ఆప్టిక్ ప్రమాణం 400జడ్‌ఆర్‌లో ఉండే సీఎఫ్‌ఈసీ 80 బిట్లకు ఒకటి తప్పయినా దిద్దుతుంది. ఓపెన్ జడ్‌ఆర్ ప్లస్‌లో ఉండే ఓఎఫ్‌ఈసీ 50కి ఒకటి తప్పయినా దిద్దుతుంది. రెండూ సుమారు 15 శాతం అదనపు బిట్లు వాడతాయి. నగరం లోపల, చుట్టుపక్కల 120 కిలోమీటర్ల లోపు లింకులకి మొదటిది చాలు, విద్యుత్ ఖర్చూ తక్కువ. విజయవాడ లాంటి దూరానికి రెండోదే. ఇవి కూడా కలవవు: ఒక చివర సీఎఫ్‌ఈసీ, ఇంకో చివర ఓఎఫ్‌ఈసీ పెడితే లింకు రాదు. కొనేటప్పుడు రెండు మోడ్‌లూ ఉన్న మాడ్యూల్ అడగండి.

సీఎఫ్‌ఈసీ లోపలి పొరలో ఉన్నది ఏమిటో తెలుసా? 128 బిట్ల హ్యామింగ్ కోడ్. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ 1950లో అచ్చేసిన ఆలోచనే. ఇన్నేళ్ల తర్వాత లేనుకి 200 గిగాబిట్ల తరానికి కూడా కేపీ4 లోపల పెట్టడానికి దాని తమ్ముణ్ణే ఎంచుకున్నారు. ఈ శాస్త్రంలో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. ఆయన 1947లో ఆర్తోగనల్ అర్రేలకు (ప్రయోగాల ప్రణాళికకు వాడే పట్టికలకు) ఇచ్చిన హద్దు, కోడ్‌లకు హ్యామింగ్ ఇచ్చిన హద్దుకి అద్దంలో ప్రతిబింబం లాంటిది. అదే సంస్థలో ఆయనతో పనిచేసిన రాజ్‌చంద్ర బోస్ పేరే బీసీహెచ్ అనే తప్పులు దిద్దే కోడ్‌లలో "బీ". రీడ్-సాలమన్ ఆ కుటుంబంలోదే.

సొంతంగా డిజైన్ చేసేవాళ్లకి

ఎఫ్‌పీజీఏ (మనకి కావలసినట్టు మలచుకునే చిప్) మీద సొంత లింకు కడుతున్నవాళ్లు తరచూ అడిగేది: ఎల్‌డీపీసీ ఉండగా రీడ్-సాలమన్ ఎందుకు? ఎల్‌డీపీసీ అనేది ఇంకో రకం తప్పులు దిద్దే కోడ్, 1960ల్లో రాబర్ట్ గాలగర్ చేసింది, మూడు దశాబ్దాలు పక్కన పడి ఉంది, ఇప్పుడు వైఫైలో, 5జీ డేటాలో, 10జీ రాగి ఈథర్‌నెట్‌లో ఉంది. బలంలో దానిదే పైచేయి. కానీ అది బాగా పనిచేయాలంటే ప్రతి బిట్‌తో పాటు "ఇది ఒకటే అని నాకెంత నమ్మకం" అన్న అంచనా కూడా కావాలి. దానికి రిసీవర్‌లో సిగ్నల్ మట్టాన్ని అంకెగా మార్చే మంచి ఏడీసీ ఉండాలి, డీకోడర్ అనేకసార్లు చుట్టూ తిరగాలి. పైగా ఒక హద్దు దాటాక తప్పులు తగ్గడం మందగిస్తుంది. దీన్ని ఎర్రర్ ఫ్లోర్ అంటారు. ఉపగ్రహ టీవీ డీవీబీ-ఎస్2లో ఎల్‌డీపీసీ బయట బీసీహెచ్ ఒకటి పెట్టింది ఆ మిగులు చెత్త ఊడవడానికే. రేడియో లింకు కడుతున్నారా, ఎల్‌డీపీసీ తీసుకోండి. బోర్డు మీదో ర్యాక్‌లోనో సీరియల్ లింకు కడుతున్నారా, రీడ్-సాలమన్‌తో మొదలుపెట్టండి. దిద్దే సింబల్స్ సంఖ్య పెంచేకొద్దీ డీకోడర్ పెరుగుతుంది కాబట్టి అవసరానికి మించి పెంచకండి.

అసలు ఎక్కువ దిద్దకుండా బతికే దారి కూడా ఉంది. 2022లో వచ్చిన పీసీఐఈ 6.0 (కంప్యూటర్ లోపల చిప్‌లనీ కార్డులనీ కలిపే లింకు) అలాగే చేసింది. ఫ్లిట్ అనే 256 బైట్ల కట్టలో దిద్దడానికి ఆరు బైట్లే ఉంచింది, తప్పు పట్టుకోవడానికి ఎనిమిది బైట్ల సీఆర్‌సీ పెట్టింది. చిన్న తప్పయితే దిద్దు, పెద్దదైతే మళ్లీ పంపమను. సాటి చిప్ జానెడు దూరంలో ఉంటే ఇది అద్భుతం. రెండు కిలోమీటర్ల ఫైబర్ మీద కుదరదు. పోయి రావడానికే 20 మైక్రోసెకన్లు, ఆ లోపు 400జీ లింకులోకి పది లక్షల బైట్లు వెళ్లిపోయి ఉంటాయి. వాటన్నిటినీ ప్రతి పోర్టూ దాచుకుని కూర్చోవాలి.

ప్యాకెట్లే పోతుంటే

పైన చెప్పిన ఏ కోడూ రౌటర్ క్యూ నిండి పడేసిన ప్యాకెట్‌ని తేలేదు. అక్కడ ప్యాకెట్ల మీద ఎరేజర్ కోడ్, అంటే అందిన ప్యాకెట్ల నుంచి పోయినవాటిని తిరిగి కట్టే కోడ్, కావాలి. అయితే ముందు ఒక ప్రశ్న: మళ్లీ పంపే టైముందా? అమెరికా తూర్పు తీరం హైదరాబాద్‌కి సూటిగా కొలిచినా దాదాపు 13 వేల కిలోమీటర్లు. పోయి రావడానికి తక్కువలో తక్కువ 130 మిల్లీసెకన్లు. ఫైల్ పంపుతుంటే ఆగండి, టీసీపీ చూసుకుంటుంది. అబ్బాయి న్యూజెర్సీ నుంచి వీడియోకాల్‌లో ఉంటే మళ్లీ పంపించుకునేసరికి మాట దాటిపోతుంది, అక్కడ ఎఫ్‌ఈసీకి అర్థముంది. అప్పుడప్పుడు ఒకటి పోతుంటే పది ప్యాకెట్లకో ఎక్స్‌ఓఆర్ ప్యాకెట్ (ఆ పదింటి బిట్లనూ కలిపి చేసిన ఒక ప్యారిటీ ప్యాకెట్) చాలు. వరుసగా రెండు మూడు పోతుంటే రీడ్-సాలమన్. ఒకే స్ట్రీమ్ వేలమందికి పోతుంటే రాప్టర్‌క్యూ అనే ఎరేజర్ కోడ్. టీసీపీకి బదులు వాడే క్విక్ ప్రోటోకాల్‌లో తొలి రోజుల్లో గూగుల్ ఎక్స్‌ఓఆర్ పెట్టి, ఆశించిన లాభం కనిపించక తీసేసింది. ఎందుకంటే నిండిన క్యూలో నష్టాలు గుంపుగా వస్తాయి. పైగా మనం పంపే ప్యారిటీ కూడా అదే క్యూని ఇంకాస్త నింపుతుంది.

పెట్టాక చూడాల్సింది

ఏది పెట్టినా, లింకు పైకొచ్చాక ఒక్క నిమిషం ఎఫ్‌ఈసీ కౌంటర్లు చూడండి. దిద్దినవి ఎన్ని, దిద్దలేకపోయినవి ఎన్ని అని రెండు అంకెలు దాదాపు ప్రతి స్విచ్‌లోనూ ఉంటాయి. మంచి స్విచ్‌లైతే ఇంకో పట్టిక ఇస్తాయి: సున్నా సింబల్స్ దిద్దిన కోడ్‌వర్డులు ఎన్ని, ఒకటి దిద్దినవి ఎన్ని, అలా 15 దాకా. నేను నమ్మేది దీన్నే. ఆరోగ్యంగా ఉన్న 400జీ లింకులో ఈ వరుస సున్నా దగ్గర కొండలా ఉండి, రెండు మూడు దగ్గరకొచ్చేసరికి వేగంగా పడిపోతుంది. దిద్దలేనిది ఒక్కటీ లేకపోయినా, వరుస తొమ్మిది, పది దాకా సాగుతోందంటే 15 గోడ దగ్గర్లోనే ఉందన్నమాట.

ఒకసారి అలాంటి వరుసే కనిపించింది. పింగ్ బాగుంది, ప్యాకెట్ నష్టం సున్నా, అప్లికేషన్ వాళ్లు కంప్లైంట్ చెయ్యలేదు. "నడుస్తోంది కదన్నా, ఎందుకు కదపడం" అన్నాడు అదే కుర్రాడు. కనెక్టర్ తీసి స్కోపు కింద పెట్టాం. కోర్ పక్కనే వేలిముద్ర జిడ్డు. క్లీనర్ పెన్‌తో రెండు నొక్కులు నొక్కి, మళ్లీ పెట్టి, కౌంటర్లు చెరిపి పది నిమిషాలు ఆగాం. వరుస మూడు దగ్గరే ఆగింది.